పాలమూరు దిగేటోళ్లు

మా కండక్టరక్క పోయిందట. ఈ మాట నాకు ఏ చుట్టమూ ఫోను చేసి చెప్పలేదు. కల్వకుర్తి బస్టాండులో నారాయణపేట బస్సు డ్రైవరు నన్ను చూసి, కిటికీలోంచి తల బయటికి పెట్టి, "మేడం, మన అక్క లేదు ఇగ" అన్నాడు. "మన" అన్నాడు చూడండి, అక్కడే నాకు ఏడుపొచ్చింది. బస్సెక్కి కూర్చుని జడ్చర్ల దాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. పక్కనున్నావిడ "ఎవరన్న పోయిండ్రా అమ్మా?" అని అడిగితే "మా కండక్టరు" అన్నాను. ఆమె నన్ను అదోలా చూసి కిటికీ వైపు జరిగింది. జరగనీ. ఆ గొంతు విననివాళ్లకు నేనేం చెప్పను?

ఆమె పేరు రాయను. తెలియక కాదు. బ్యాడ్జీ మీద ఉండేది, చదివాను. కానీ బ్యాడ్జీ చూసి పేరుతో పిలిస్తే ఆమెకు ఒళ్లు మండేది. "గా పేరు డిపోల హాజరు పిలిచెటందుకు. నన్ను అక్కా అను, లేకుంటే పాలమూరామె అను" అనేది. నేను అక్కా అనే అన్నాను, మా పరిచయం మొదలైంది మాత్రం కొట్లాటతోనే.

నాది నల్లగొండ. కల్వకుర్తికి కోడలిగా వచ్చాను. మహబూబ్‌నగర్ కోర్టులో టైపిస్టు ఉద్యోగం దొరికాక, నల్లగొండ నుంచి నారాయణపేట పోయే బస్సును కల్వకుర్తిలో అందుకుని వెళ్లడం అలవాటైంది. మొదటిరోజే కాస్త కునుకు పట్టింది. సరిగ్గా ఊరి పొలిమేరలో నా చెవి పక్కనే ఒక కేక. "మహబూబ్‌నగర్!" అని పొడిగా ఒకసారి. నేను ఉలిక్కిపడి సర్దుకునేలోపే, "పాలమూరూ... పాలమూరు దిగేటోళ్లు దిగుర్రీ..." అని రెండోది, బస్సు రేకులు అదిరేట్టు. ఒళ్లో ఉన్న టిఫిను డబ్బా కాస్తా కింద పడింది.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. "ఒకే ఊరికి రెండుసార్లు అరవాలా? చెవులు పనిచేస్తున్నాయి మాకు!" అని లేచాను. ఆమె వంగి నా డబ్బా తీసి, కొంగుతో దుమ్ము తుడిచి చేతిలో పెట్టింది. "ఒకపారి సదువుకున్నోళ్లకు, ఒకపారి మావోళ్లకు. నువ్వు మొదటిదానికే దిగొచ్చు మేడం. ఏ ఊరు మీది?"

"నల్లగొండ."

"ఓహో, నీలగిరా! మీ ఊరి పాత పేరు గదే గద. నీలంగ ఉన్న గుట్ట నల్లగ ఎట్లయిందా అని ఇన్నేండ్లు పరేషానైన. గిప్పుడు తెలిసింది. మీ కోపానికి మాడింది."

బస్సంతా నవ్వింది. నాకు అప్పుడు నవ్వు రాలేదు. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్నాక వచ్చింది. ఒక్కదాన్నే కూర్చుని నవ్వుతుంటే గుమాస్తా వచ్చి బాగానే ఉన్నారా అని అడిగిపోయాడు.

అప్పట్నుంచి ఆ కేక కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. జడ్చర్ల దాటగానే ఆమె తయారయ్యేది. కొంగుతో మొహం తుడుచుకుని, చీర మీది ఖాకీ కోటు కిందికి లాగి, వేళ్లతోనే తల దువ్వుకునేది. "ఏందక్కా, చుట్టాలింటికి పోతున్నట్టు?" అంటే, "ఊర్లకు పోతున్నం గద, జర మంచిగ పోవద్దా?" అనేది. రోజూ పోయే ఊరే. ఒక చేత్తో పైన రాడ్డు పట్టుకుని, ఇంకో చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని, కథలు చెప్పేవాళ్లు రాగం తీసే ముందు నిలబడతారే, అట్లా నిలబడేది. మొదటి పేరు ఆఫీసు గొంతుతో చెప్పేది. రెండోది ఇంటి గొంతుతో.

ఊరి పేరు కథ అడిగినవాళ్లకు లేదనకుండా చెప్పేది. మేకలు మేపే ఇంటివాళ్లు పాలక్యాన్లతో ఎక్కితే, "మీ తాతల మందలు ఇచ్చిన పాలేనంట, వాగులెక్క పారేటియంట, అందుకే పాలమూరు" అనేది. వాళ్లు క్యాను మీద చెయ్యి వేసుకుని నిటారుగా కూర్చునేవాళ్లు. ముసలి రైతు ఎవరైనా అడిగితే, "పాలచెట్ల అడివి ఉండెనంట తాతా, కొమ్మ విరిస్తే పాలు కారె" అనేది. ఆయనా తల ఊపేవాడు. నేను ఊరుకుంటానా? కోర్టులో పనిచేసేదాన్ని. "నిన్న చెట్లన్నావు, ఇవాళ మందలంటున్నావు. ఏది నిజం?" అని నిలదీశాను.

"రెండూ అంటరు చెల్లె. రుక్కమ్మపేట అని కూడ ఉండెనంట ఒకప్పుడు. అటెనక నవాబు పేరు మీద మహబూబ్‌నగర్ జేసిండ్రు. నేను పుట్టి సూసొచ్చిన్నా? ఎవరికి ఏది మంచిగనిపిస్తే అది పట్టుకపోని. ఊరికి వచ్చినోన్ని ఉత్త చేతులతోటి దింపుడెందుకు?"



రాష్ట్రం వచ్చాక, జిల్లాలను విడదీసి కొత్తవి చేసిన రోజుల్లో అందరి నోటా పేర్ల ముచ్చటే. ఏ జిల్లాకు ఏ పేరు, ఏ ఊరికి ఏ పేరు. బస్సు కల్వకుర్తి దాటేసరికే వాదన ఎక్కేది. ఒకరోజు ఒక కుర్రవాడు సీటు మీద నుంచి లేచి, "అక్కా, పాలమూరు అంటవ్, మంచిదే. మరి ఆ నవాబు పేరెందుకు ముందుగాల? తీసెయ్. ఒక్కటే పిలువు" అన్నాడు. అతని వెనక సీట్లో గాజుల మూట పెట్టుకుని ఒక సాయిబు తాత కూర్చుని ఉన్నాడు. ఆయన మొహం కిందికి వాలింది. అక్క ఆ వాలడం చూసింది, నేనూ చూశాను.

"తమ్మీ, నాకు పుట్టింట్ల ఒక పేరు" అంది అక్క, టికెట్ మిషను చంకలో పెట్టుకుని. "లగ్గమైనంక అత్తగారింట్ల ఇంకో పేరు వెట్టిండ్రు. రేషన్ కార్డు, నౌకరి, అన్నీ అత్త వెట్టిన పేరు మీదనే. మా అమ్మ వెట్టిన పేరుతోటి ఎవరన్న పిలిస్తే పానం లేసొస్తది. గిప్పుడు ఏది తీసెయ్యమంటవ్ చెప్పు? ఏది తీసినా నేను సగమే మిగుల్త."

సాయిబు తాత తల ఎత్తి, "మా ఇంట్ల కూడ పాలమూరే అంటం బేటీ. మహబూబ్‌నగర్ అని దర్ఖాస్తుల రాస్తం" అన్నాడు. కుర్రవాడే ముందు నవ్వాడు. దిగేటప్పుడు తాత గాజుల మూట తనే ఎత్తిపట్టుకుని దించాడు కూడా.

ఆమెకు ఆ పేరు మీద ఇంత పట్టుదల ఎందుకో తెలిసింది మాత్రం మిడ్జిల్ దగ్గర టైరు పంక్చరైన రోజు. డ్రైవరు టైరు మారుస్తుంటే ఇద్దరం రోడ్డు పక్కన రాళ్ల మీద కూర్చున్నాం. నేనేం అడగలేదు. తనే మొదలుపెట్టింది.

ఆమె పుట్టింది పాలమూరులో కాదు. కర్ణాటక వైపు ఎక్కడో ఆనకట్ట కడుతుంటే, ఆ మట్టిపని దగ్గర గుడారంలో పుట్టింది. అక్కడ వీళ్లకు పేర్లు లేవు. అందరూ "పాలమూరోళ్లు". రాయి ఎత్తాలన్నా, తట్ట మోయాలన్నా "ఏ పాలమూర్, ఇటు రా" అని కేక. ఎదుటివాళ్లు ఆ మాటను తిట్టులాగా వాడేవాళ్లట. ఆమె తల్లి మాత్రం అన్నం కలుపుతూ, "మన ఊర్ల పాలు పారుతయి బిడ్డా, అందుకే గా పేరు. వీళ్లకేం ఎరుక?" అనేదట. పిల్ల ఆ ఊరిని చూడలేదు. పేరొక్కటే తెలుసు. ఆ పని దగ్గర సామాన్ల స్టోరు చూసే బాబు భార్య దగ్గర తెలుగు అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకుంది. ఆ ఇంట్లో చదవడం వచ్చింది ఈమెకొక్కదానికే.

"ఎప్పుడూ మేస్త్రి లారీల ఎక్కించుకపోయి లారీలనే ఊరి కాడ దించెటోడు" అంది. "గా యేడు మా నాయిన మేస్త్రితోని కొట్లాడిండు. ఇగ మేమే బస్సెక్కినం. రాయచూరు బస్సు. నాయిన నన్ను కిటికీ కాడ కూసోవెట్టి, 'బిడ్డా, మాకు బోర్డులు సదవరావు. మన ఊరు పేరు కనవడంగనే చెప్పు' అన్నడు. చెల్లె, నాకు ఎంత గర్వమనుకున్నవ్! తొవ్వల ప్రతి బోర్డూ సదివిన. పెద్ద ఊరొచ్చింది. బస్టాండు. ఇంత పెద్ద అక్షరాలు. మహబూబ్‌నగర్ అని ఉన్నది. 'మనది గాదు నాయినా, ఇంకెవరి ఊరో' అన్న."

"అయ్యో, దిగలేదా?" అన్నాను.

"మా అమ్మ లేసి నిలవడ్డది. 'గాలి మన దిక్కు లెక్కనే ఉన్నదయ్యా' అన్నది. నాయిన చెయ్యి పట్టి కూసోవెట్టిండు. 'నీకు గాలి తెలుసు, బిడ్డకు సదువు తెలుసు. కూసో' అన్నడు. ఇంకేముంది, తీస్కపోయి జడ్చర్లల దించిండ్రు. కండక్టరు తిట్టె. బస్టాండుల ఉన్నోళ్లు ఒకటే నవ్వుడు. పాలమూరోళ్లకు పాలమూరు తెల్వదంట అని."

చేతిలో పైకం టికెట్లకే అయిపోయింది. మూటలు నెత్తిన పెట్టుకుని ఎండలో వెనక్కి నడిచారు. ఈ పిల్ల దారి పొడుగునా ఏడుపు. కొంత దూరం పోయాక తండ్రి ఆగి, మూట దించి, పిల్ల మొహం తన తలగుడ్డతో తుడిచాడట. "ఎందుకేడుస్తవ్? నువ్వు సక్కగనే సదివినవ్. తప్పు బోర్డుది" అన్నాడట.

ఈ మాట చెప్పి అక్క గట్టిగా నవ్వింది. కూతురి తలను దించనియ్యని తండ్రి ఎవరికి దొరుకుతాడండీ! "పెద్దగై గా బోర్డు మార్పిస్త అనుకున్న. బోర్డు నా చేతిల ఉన్నదా? నోరైతే ఉన్నది గద! ఇంకొక పోరి జడ్చర్ల దాక పోయి ఏడ్వొద్దు, అంతే" అని లేచి, "ఏమన్నా, అయిందా టైరు?" అని డ్రైవరు మీద కేకేసింది.

అట్లాంటి మనిషికి మెమో ఇచ్చారు. ఎవరో ప్రయాణికుడు ఫిర్యాదు చేశాడట, టికెట్టు మీద లేని పేరు అరిచి జనాన్ని అయోమయం చేస్తున్నదని. టికెట్టు మీద ఉన్న పేరే పలకాలి, మళ్లీ ఫిర్యాదు వస్తే బస్సు మీద నుంచి తీసేసి డిపోలో కూర్చోబెడతామని డిపో మేనేజరు చెప్పాడు. మర్నాడు ఆ సంగతి నాకు చెబుతుంటే ఆమె మొహంలో నవ్వు లేదు. "బస్సు దింపుతరంట చెల్లె. నాలుగు గోడల నడుమ కూసుంటే నేను బతుకుతనా?" అంది. నేను భగ్గుమన్నాను. అర్జీ టైపు చేస్తానన్నాను, జడ్జిగారికి చెబుతానన్నాను. "నీ నల్లగొండను జర సల్లగుండనీయ్. సూద్దాం" అంది.

అది పీర్ల పండుగ వారం. దేశం మీద పడ్డ మనవాళ్లంతా ఎక్కడెక్కడి పనుల నుంచో ఊళ్లకు తిరిగొచ్చే రోజులు. బస్సు నిండా మూటలు, బిందెలు, పిల్లలు. నా పక్కన గుంటూరు వైపు యాసలో మాట్లాడే ఒక అమ్మాయి ఇద్దరు పిల్లలతో కూర్చుంది. సాగర్ దాటి వచ్చి మల్లేపల్లిలో ఎక్కిందట. జడ్చర్లలో చెకింగ్ ఇన్‌స్పెక్టరు ఎక్కాడు. టికెట్లు చూసే ఉద్దేశం ఆయనకు లేదని అందరికీ అర్థమైంది. నేరుగా పోయి ముందు సీట్లో కూర్చుని, మెడ తిప్పి అక్కను చూశాడు. ఆమె ఏం పలుకుతుందో వినడానికే వచ్చాడు.

అప్పుడే ఈ అమ్మాయి నన్నడిగింది. "ఏమండీ, పాలమూరు ఇంకా ఎంత దూరమండీ? మా ఆయన పనిలో ఉండిపోయారు, ఎల్లుండొస్తారు. పాలమూరులో దిగు, మా తమ్ముడు బస్టాండుకొస్తాడన్నారు. మా పెళ్లి కూలిపని చేసే చోటే అయిందండీ, అత్తగారి ఊరు నేనింతవరకు చూళ్లేదు."

నేను చెప్పబోయాను. పక్కనే నిలబడి వింటున్న అక్క నా కాలు తొక్కింది. మామూలుగా కాదు, చెప్పు కింద నా వేళ్లు నలిగేట్టు తొక్కింది. "కండక్టరు చెప్తది లేమ్మా" అని నేను గొణిగాను. ఏం చెబుతుంది? చెబితే ఆమెకు బస్సు డ్యూటీ పోతుంది. చెప్పకపోతే ఈ పిల్లల తల్లి ఊరు దాటిపోతుంది.

పొలిమేర వచ్చింది. అక్క మొహం తుడుచుకోలేదు. తల దువ్వుకోలేదు. బస్టాండులోకి తిరుగుతుంటే, "మహబూబ్‌నగర్" అంది ఒకే ఒక్కసారి, మెమో చదివినట్టు. ఇన్‌స్పెక్టరు తల పంకించి జేబులోంచి పెన్ను తీశాడు. దిగేవాళ్లు దిగారు. కొత్తవాళ్లు ఎక్కారు. నా పక్కనున్న అమ్మాయి చిన్నదాన్ని ఒళ్లో సర్దుకుని కిటికీలోంచి బోర్డు వైపు చూసి, మళ్లీ వెనక్కి ఆనుకుని కూర్చుంది.

డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. అక్క విజిల్ వేయలేదు. తన సీట్లో కాళ్లు చాపుకుని కూర్చుంది. బస్టాండులో ఆమె కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

"రైట్ చెప్పవేందమ్మా? లేటయితాంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"దిగేటోళ్లు దిగలే సార్."

"దిగిండ్రు గద!"

"మీరే సూడుండ్రి సార్."

ఆయన విసుక్కుంటూ లేచి వచ్చాడు. ఒక్కొక్కరినీ చూసుకుంటూ మా సీటు దగ్గర ఆగాడు. "ఎక్కడికమ్మా?"

"పాలమూరండీ."

"మరి కూసున్నవేంది?"

"ఇది పాలమూరు కాదుగా అండీ? ఏదో మహబూబ్‌నగర్ అన్నారు. నేనూ చదివాను, బోర్డు మీద కూడా అదే ఉంది."

"అరే, గిదే పాలమూరమ్మా! పాలమూరు గిదే! దిగు దిగు!"

మాట నోట్లోంచి వచ్చేసింది. ముందు డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు.

"గదేంది సార్" అంది అక్క, ఎంతో అమాయకంగా. "టికెట్ మీద ఉన్న పేరే పలకాలె గద?"

ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. ఇంతలో వెనక సీట్లలోంచి మూటల మీద నుంచి ఒక ముసలామె లేచి, "గిది పాలమూరా బిడ్డా? ఇంగ రాలేదనుకుంటున్న" అంది. ఆమె పక్కన ఇంకో ఇద్దరు కుర్రాళ్లు బ్యాగులు భుజాన వేసుకుని లేచారు, పనుల దగ్గరే పుట్టి పెరిగినవాళ్లు. ఆయన వాళ్లను చూశాడు, నా పక్కనున్న పిల్లలను చూశాడు. ఆయనా ఇక్కడి మనిషే. కాసేపు నెత్తి గోక్కుని, "సరే అమ్మా, మెమో సంగతి నేను సారుతోని మాట్లాడుత. నువ్వు పిలువు" అన్నాడు.

"నేనెట్ల పిలుస్త సార్? మెమో నాకున్నది. మీకు లేదు."

బస్సు బస్సంతా చప్పట్లు. నేనైతే సీటు మీద చెయ్యి వేసి కొట్టాను, ఆ చెయ్యి సాయంత్రం దాకా మండింది. ఆ మాటతో మెమో కథ ముగిసింది. ఆ తర్వాత ఎవరూ దాని ఊసెత్తలేదు, రిటైరయ్యే దాకా అక్క ఆ రూట్లోనే రెండు పేర్లూ పిలిచింది. ఆయన లేచి రాకపోయుంటే ఏం చేసేదానివని తర్వాత ఒకసారి అడిగాను. "నేనే ఒర్లుతుంటి. నౌకరికి భయపడి తల్లిని పిల్లలను ఊరు దాటిస్తనా?" అంది.

కానీ ఆ పూట ఒర్లాల్సి వచ్చింది ఇన్‌స్పెక్టరే. గొంతు సవరించుకుని, మెట్ల మీద నిలబడి, సిగ్గుపడుతూ చిన్నగా అన్నాడు. "గట్టిగ సార్, వెనకకు ఇనవడ్తలే" అంది అక్క. ఈసారి ఆయన ఖాకీ టోపీ తీసి చంకలో పెట్టుకుని బస్టాండు దద్దరిల్లేట్టు అరిచాడు. ప్లాట్‌ఫారం మీద ఎక్కడో బస్సు బస్సూ వెతుకుతున్న ఒక యువకుడు ఆ కేకకు పరుగున వచ్చి, "వదినా!" అంటూ మూటలు అందుకున్నాడు.

గుంటూరు అమ్మాయి చంటివాడిని ఎత్తుకుని దిగింది. పెద్దపిల్ల మాత్రం మెట్టు దగ్గర ఆగిపోయి, కింద నేలను, పైన బోర్డును మార్చి మార్చి చూసి, అక్క వైపు తిరిగి అడిగింది. "ఇదేనా మా ఊరు?"

అక్క సీట్లోంచి లేచి, పిల్ల గౌను మీది దుమ్ము దులిపి, వీపు మీద చెయ్యి వేసింది.

"నీదే బిడ్డా. దర్జాగ దిగు."